లోపల అనేది లేని చెక్క

నేను ఒక చెక్కను. ఇది నా మాట కాదు, లోకం మాట. నిజానికి నాలో కర్ర అనేది రవ్వంత కూడా లేదు. గట్టిపడిన నురుగు, దాని మీద ఫైబర్‌గ్లాస్ అనే గాజునార, ఆపైన నీలం రంగు. అసలు పేరు వేక్‌బోర్డు. జోరుగా పోయే మోటారు పడవకి తాడు కట్టి, ఆ తాడు పట్టుకుని, నా మీద నిలబడి మనిషి నీళ్ళ మీద జారుకుంటూ పోవాలి. పడవలో హాయిగా కూర్చునే చోటుండగా దాని వెనకాల తడుస్తూ రావడం దేనికో నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు. అడిగేందుకు నోరు లేదు కాబట్టి మనుషుల మర్యాద దక్కింది.

ఎక్కడో సముద్రపు ఒడ్డున ఒక ఫ్యాక్టరీలో, వేడి అచ్చులో పుట్టాను. రెండు పెద్ద బూట్లు నా వీపు మీద మరలతో బిగించారు. చివర్లో ఒకమ్మాయి నా ముక్కు దగ్గర ఒక స్టిక్కరు అంటించింది. దాని కింద చిన్న గాలి బుడగ మిగిలిపోయింది. సాయంత్రం బెల్లు కొట్టేశారు, అందరూ వెళ్ళిపోతున్నారు. ఆ అమ్మాయి మాత్రం ఆగి, గోటితో మెల్లగా ఆ బుడగని అంచుదాకా నెట్టి వెళ్ళింది. పుట్టిన రోజున నాకు జరిగిన ఉపకారం అదే.

ఆ స్టిక్కరు మీద ఆరు బొమ్మలున్నాయి. ఆరూ చెయ్యకూడని పనులు. ఒక్కో బొమ్మ మీద అడ్డంగా ఎర్రగీత. ఇది కాస్త గుర్తుంచుకోండి, తర్వాత చాలా గొడవ జరిగింది.

గోదావరి ఒడ్డున కొత్తగా పెట్టిన ఒక బోటింగ్ పాయింటుకి నన్ను తెప్పించారు. ప్రారంభోత్సవం రోజునే మోటారు పడవ ఇసుక మేటకి గుద్దుకుని పక్కకి ఒరిగింది. బాగు చేయించే మనిషి వస్తాడని మూడేళ్ళు ఎదురు చూశారు. ఆ మూడేళ్ళలో వంటాయన నా మీద చొక్కాలు ఇస్త్రీ చేసుకున్నాడు. తర్వాత మేనేజరుగారు నన్ను నిలువునా గేటుకి కట్టించి, 'చెప్పులు ఇక్కడ విడువుడు' అని తెల్లరంగుతో రాయించారు. బూట్లు ఎలాగూ ఉన్నాయి కదా, వచ్చినవాళ్ళు చెప్పులు విప్పి వాటిలో దోపి వెళ్ళేవారు. ఎండ నేరుగా నా ముఖం మీదే పడేది. ఎండకి ముందుగా వెలిసిపోయే రంగు ఎరుపు. స్టిక్కరు మీది గీతలు ఆరూ మాయమయ్యాయి. బొమ్మలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

ఆ ఏడు వరద గేటుని ఊడదీసి, నన్నూ ఒక నారింజరంగు లైఫ్ జాకెట్టునీ కలిపి కిందికి తీసుకుపోయింది. ఒక లంక అంచున, రెల్లులో చిక్కుకున్నాం. మర్నాడు మమ్మల్ని బయటికి లాగినవాడు ఓలేటి చిట్టిబాబు, ఆ లంక రేవులో పడవ నడిపేవాడు.

చిట్టిబాబుకి ఆరేళ్ళ కూతురుంది, తనూజ. లంకలో అంగన్‌వాడీ తప్ప బడి లేదు. ఒకటో తరగతికి ఏరు దాటాలి. పిల్లేమో పడవ ఎక్కదు. కిందటేడు ఇసుక పడవ పక్కనుంచి పోతే ఒక కెరటం లోపలికి దూకింది. క్యారేజీ గిన్నెలతో అందరూ నీళ్ళు తోడిపోశారు, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ తనూజ మోకాళ్ళదాకా నీళ్ళలో నిలబడి అదంతా చూసింది. ఆ రోజు నుంచీ పడవ దగ్గరికి రాలేదు.

రొయ్యల షెడ్డులో పనిచేసే తల్లి నాగవేణి తేల్చి చెప్పేసింది. "బడి తెరిచే సోమవారానికి ఎక్కకపోతే తునిలో మా చెల్లి దగ్గర దింపేస్తాను. అక్కడ బడి ఇంటి పక్కనే."

"తుని వెళ్ళాలన్నా పడవెక్కాలి కదే," అన్నాడు చిట్టిబాబు.

"నిద్రలో ఎత్తుకుపోతాను."

అది పిల్ల విన్నది. అప్పటినుంచీ మంచం కోడు గట్టిగా పట్టుకుని పడుకునేది. రేవు పడవవాడి కూతురు పడవెక్కదని ఊరు నవ్వినా చిట్టిబాబు ఓర్చుకున్నాడు గానీ, ఆ పట్టుకున్న చెయ్యి చూసి ఓర్చుకోలేకపోయాడు.

నన్ను పెరట్లో ఆరబెట్టినప్పుడు తనూజ వచ్చి చుట్టూ తిరిగింది, కిందికి వంగి చూసింది, వేళ్ళతో కొట్టి చూసింది.

"నాన్నా, ఇది మునగదు."

"నీకెవరు చెప్పారు?"

"దీనికి లోపల లేదు. పడవకి లోపలుంది కాబట్టి నీళ్ళొచ్చేస్తాయి. దీన్లోకి ఎక్కణ్ణించొస్తాయి?"

 చిట్టిబాబు నన్నే చూస్తూ బీడీ కాల్చాడు. మర్నాడు పొద్దున వేక్‌బోర్డు శిక్షణ మొదలైంది.

మొదటి అడ్డంకి బూట్లు. పడవలోకి చెప్పులతో అడుగుపెట్టని మనుషులు వాళ్ళు. చిట్టిబాబు తల్లి అప్పాయమ్మ నన్ను చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "గంగమ్మ తల్లి నెత్తిమీద బూట్లేసుకుని నిలబెడతావా పిల్లని? నీకు బుద్ధుందా లేదా?" మరలు విప్పేశారు. నాకు పసుపు రాసి బొట్టు పెట్టారు. బూట్లలో ఒకదాంట్లో పెరటి కోడి ఒకటి గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. రెండోది ఖాళీగా ఉన్నా ఇంకో కోడి ఆ బూటు కోసమే దానితో పోట్లాటకి వచ్చేది.

రెండో అడ్డంకి, నేర్పేవాడికి రాకపోవడం. అందుకతను నా స్టిక్కరు చదివాడు. ఆరు బొమ్మలు, ఆరు పాఠాలు అనుకున్నాడు. నేను అరవలేకపోయినందుకు అంత బాధపడిన రోజు మరొకటి లేదు.

మొదటి బొమ్మలో ఒకే చెక్క మీద ఇద్దరున్నారు. పిల్లకి లైఫ్ జాకెట్టు తొడిగి, తనూ ఎక్కాడు. మొలలోతు నీళ్ళలో ముగ్గురం ఒక్కసారే అడుగుకి పోయాం. రెండో బొమ్మలో తాడు నడుముకి కట్టుకున్న మనిషి. "ముందు నేను చూస్తా," అని తనే కట్టుకున్నాడు. అప్పాయమ్మ రేవు పడవ ఇంజను లాగి నడిపింది. కొడుకు వలలో పడ్డ వాలుగలాగా దొర్లుకుంటూ వెంట వచ్చాడు. మూడో బొమ్మలో పడవ నడిపే మనిషి వెనక్కి తిరిగి చూస్తూ ఉంటాడు. అప్పాయమ్మ దాన్ని తు.చ. తప్పకుండా పాటించి పడవని నేరుగా రెల్లులోకి ఎక్కించింది.

"ఈ బొమ్మలేసినోడు ఎప్పుడూ ఏట్లో దిగినట్టు లేడురా," అంది రెల్లు పీక్కుంటూ.

"చదువుకున్నోళ్ళు కదమ్మా, మనకి అర్థం కాదు."

రేవులో పడవ కోసం నిలబడ్డ జనం ఇదంతా చూస్తూనే ఉన్నారు. పెరుగమ్మే రత్తమ్మ మాత్రం నవ్వు ఆపుకోలేనప్పుడల్లా గట్టు వైపుకి తిరిగిపోయేది, పిల్లకి కనపడకుండా.

చివరికి దారి కనిపెట్టింది తనూజే. తండ్రి రొప్పుతూ గట్టున కూర్చున్నప్పుడు ఆ పిల్ల నా మీద బాసింపట్టు వేసి, అన్నానికి కూర్చున్నట్టు కూర్చుంది. "ఇప్పుడు లాగు నానమ్మా, మెల్లగా."

నేను కదిలాను. నీళ్ళు నన్ను పైకి నెట్టాయి. పుట్టాక మొదటిసారి నేను దేనికి పనికొస్తానో నాకే తెలిసింది. నాలుగో రోజుకి మోకాళ్ళ మీద లేచింది. ఆరో రోజుకి నిలబడింది. పాదాలు జారకుండా తండ్రి నాకు సైకిలు ట్యూబు పట్టీలు కట్టాడు. పిల్ల పళ్ళు బిగించి, ఎవరినో తిట్టబోతున్నట్టు ముఖం పెట్టి ఏరు దాటేసింది.

సోమవారం వచ్చింది. తనూజ యూనిఫాం మీద లైఫ్ జాకెట్టు వేసుకుంది. పుస్తకాల సంచీ పడవలో, పిల్ల నా మీద. అయితే ఆ రోజు పడవలో పధ్నాలుగు మందీ, ఒక మేకపోతూ ఉన్నారు. ఇంజను ఎంత గింజుకున్నా జోరు రాలేదు. జోరు లేకపోతే నేను తేలను. రేవు దాటకుండానే పిల్ల పిక్కలదాకా దిగిపోయింది.

"బరువు, చిట్టిబాబూ," అంది రత్తమ్మ. పెరుగు కుండ నెత్తికెత్తుకుని ముందు తనే దిగింది. "పిల్ల బడికెళ్ళాలి. మేం తర్వాత వస్తాంలే." ఒక్కొక్కరే దిగారు. మేక దిగనంటే దాన్ని ఎత్తి దింపారు. ఖాళీ పడవ వెనకాల తనూజ ఒక్కతే బడికి వెళ్ళింది. అవతలి ఒడ్డున మాస్టారు హాజరు పట్టీతో నిలబడి, తడిసిన పిల్లని చూసి, "పొడి గౌను తెచ్చుకున్నావా అమ్మా?" అని మాత్రం అడిగారు.

మంగళవారమూ అంతే. బుధవారమూ అంతే. గురువారం పొద్దున తాడు పట్టుకున్న తనూజ వెనక్కి తిరిగి గట్టు చూసింది. మండుటెండలో పధ్నాలుగు మంది. రత్తమ్మ కుండ మీద తడిగుడ్డ కప్పుతోంది.

"వాళ్ళు రోజూ ఎందుకు దిగిపోతున్నారు నాన్నా?"

"వాళ్ళుంటే నువ్వు మునుగుతావమ్మా."

"మరి వాళ్ళకి ఆలస్యం కాదా?"

"అవుద్ది."

"పెరుగు?"

చిట్టిబాబు పడవ అంచు తుడవసాగాడు. తనూజ పట్టీల్లోంచి పాదాలు తీసింది.  తర్వాత నన్ను చంకలో ఇరికించుకుని, పడవ దగ్గరికి నడిచి, "ఎత్తుకో," అంది. తండ్రి ఎత్తుకోబోతే, "నన్ను కాదు, దీన్ని," అంది.

నన్ను అందించి తనే ఎక్కింది.  గట్టు మీదివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, పిల్లకి చోటు వదిలి కూర్చున్నారు. మేక వచ్చి తనూజ మోకాలికి ఒరిగి నిలబడింది. అప్పాయమ్మ ఇంజను లాగింది. పిల్ల నన్ను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో కరుచుకుంది.

నడి ఏట్లో నా చెవి ఉండవలసిన చోట నోరు పెట్టి, "పడవ మునిగినా నువ్వున్నావుగా," అంది చిన్నగా.

నిజం చెప్పాలంటే, ముందు నుంచి ఎవరో లాగుతూ ఉంటేనే నేను మనిషిని మోయగలను. ఆగిపోయానంటే ఆరేళ్ళ పిల్లని కూడా నిలబెట్టలేను. ఆ సంగతి మూడు రోజులుగా నాకు తెలుసు, ఆ పిల్లకి ఇంకా తట్టలేదు. నోరు లేనందుకు మొదటిసారి సంతోషించి, ఆ చేతుల కింద వీలైనంత గట్టిగా ఉండిపోయాను, ఒడ్డు వచ్చేదాకా.