ఏడో మూత

అంట్లు తోమడం అయ్యాక ఆమె సీసా మూతలు కడగడానికి కూర్చుంది. అరవై మూడు మూతలు. రెండు నెలలుగా కనబడిన కొట్టువాళ్లందరినీ అడిగి పోగేసినవి. పిల్లల వేళ్లకు గీసుకోకుండా ఒక్కోదాని అంచూ గరుకు కాగితంతో రుద్దింది. ఈ పనికి బడివాళ్లు జీతం ఇవ్వరు, ఇంట్లోవాళ్లు దీన్ని పని అనరు. "పిల్లల్ని ఆడించడానికి కూడా ఇంత హడావుడా?" అని అత్తగారు. "ఇంకెన్నాళ్లులే అమ్మా, ఇవాళే ఆఖరు" అని భర్త.

ఆఖరు అని ఆయన ఊరికే అనలేదు. ఆయనకు వేరే ఊరికి బదిలీ అయింది. తల్లీకొడుకులు కూర్చుని అన్నీ మాట్లాడేసుకున్నారు. ఏ ఇల్లు, ఏ గది ఎవరికి, ఏ మంచం అమ్మెయ్యాలి. ఆమె ఉద్యోగం మానడం ఆ జాబితాలో మంచం తర్వాత వచ్చింది. రాజీనామా కూడా ఆయనే రాసి, సంతకానికి చోటు వదిలి, ఆమె చేతిసంచిలో పెట్టాడు. ఎంత శ్రద్ధో! పదకొండేళ్ల కాపురంలో ఆమె సంచి ఆయన సర్దడం అదే మొదటిసారి.

తరగతిలో తొమ్మిది మంది పిల్లలు, అందరూ ఐదేళ్లలోపు వాళ్లే. మూతల్ని రెండేసి జతలుగా పేర్చాలి. అన్నిటికీ జత దొరికితే సరి సంఖ్య, ఒకటి మిగిలిపోతే బేసి సంఖ్య. నిన్న గుండీలతో చేసి చూపించింది కూడా. ఇవాళ తలా ఏడు మూతలు ఇచ్చింది. కాసేపటికి తొమ్మిది గొంతులూ ఒక్కసారే లేచాయి.

"సరి సంఖ్య టీచర్!"

ఏడు సరి సంఖ్య ఎలా అయింది? వంగి చూసింది. అందరి చాపల మీదా మూడేసి జతలు ముచ్చటగా ఉన్నాయి. ఏడో మూత మాత్రం లేదు. ఒకరి జేబులో ఉంది, ఒకరి పిడికిట్లో, ఇంకొకరి మోకాలి కింద.

"ఎందుకు దాచావమ్మా?" అని రెండు జడల పిల్లని అడిగింది.

"నిన్న మీరే అన్నారు కదా టీచర్, పాపం ఒక్కటే మిగిలిపోయిందని. మీకు ఏడుపొచ్చింది. మళ్లీ ఏడుస్తారని దాచేశాం."

నిన్న లెక్క చెబుతున్నాననుకుంది, చెప్పుకున్నది తన గోడు. తల్లీకొడుకులు కబుర్లాడుకుంటూ తింటుంటే వంటింటి గుమ్మంలో నిలబడి ఎవరికేం కావాలో చూడటం, జ్వరమొస్తే తన మాత్రలు తనే వెతుక్కోవడం, నవ్వొచ్చిన సంగతి ఒకటి చెప్పుకుందామంటే వినే మనిషి లేకపోవడం, ఇవన్నీ ఆ ఒక్క "పాపం"లోకి ఎప్పుడు దూరాయో ఆమెకే తెలియలేదు. సిగ్గేసింది. దాని వెనకే దుఃఖం కూడా వచ్చింది కానీ, పిల్లల ముందు మింగేసింది.

"అందరూ బయటికి తియ్యండి. అది పాపం కాదు, నేనే తప్పు చెప్పాను. దాన్ని దాచేస్తే మీ దగ్గర ఉన్నవి ఆరే. ఏడు కావాలంటే అది కూడా ఉండాలి."

తొమ్మిది మూతలూ బయటికొచ్చాయి. రెండు జడల పిల్ల తన మూతను జతలన్నిటికీ పైన పెట్టి వేలితో సర్దింది.

బడి వదిలాక భర్త ఫోన్ చేశాడు. "ఇచ్చేశావా?"

"లేదండీ. సంతకం చెయ్యలేదు. మీరూ అత్తయ్యా వెళ్లండి. నేను ఇక్కడే బడి దగ్గర గది చూసుకుంటాను."

కోప్పడతాడనుకుంది. ఆయనకు వచ్చింది కోపం కాదు, ఆశ్చర్యం.

"మతి పోయిందా? ఒక్కదానివే ఎలా ఉంటావు?"

"ఇన్నాళ్లూ ఉన్నట్టే" అంది.