మాస్కు వెనక రెప్పపాటు

బేస్‌బాల్ అంపైర్లకు ఒక పాడు నియమం ఉంది. మ్యాచ్ అయిన మర్నాడు ఎవరి తప్పులు వాళ్లే కాగితం మీద రాసి పై అధికారికి ఇవ్వాలి. కోడలి తప్పులు రాయమంటే ఏ అత్తగారైనా కలం పట్టుకుని సిద్ధంగా ఉంటుంది గానీ, సొంత తప్పులు రాసుకోవడం ఎవరికి సరదా?

మన అంపైరు ఆ కాగితం ముందు గంట నుంచీ కూర్చున్నాడు. పదకొండింటికి ఫైనల్ అంపైర్ల జాబితా ఖాయమవుతుంది. పన్నెండేళ్లలో అతని పేరు అందులోకి ఎక్కడం ఇదే మొదలు. ఇంటావిడ అప్పుడే చుట్టాలందరికీ ఫోన్లు కొట్టేసింది. పెళ్లినాటి నుంచీ "గుడ్డి అంపైరు" అని ఏడిపించే మామగారు కూడా టికెట్టు కొనుక్కున్నారు.

వీడియోలో చూస్తే నిన్నటి తీర్పులన్నీ ఒప్పే, ఆఖరి బంతితో సహా. కానీ ఆ బంతి వచ్చిన క్షణంలో అతని కళ్లు మూసుకుపోయాయి. తన ముందు కూర్చున్న క్యాచర్ గ్లవ్‌లో అది పడిన చప్పుడు విని బంతి సరైన చోటు మీదుగానే వచ్చిందని తేల్చే "స్ట్రైక్" కేక పెట్టేశాడు. నెల కిందట ఒక బంతి మొహానికి పెట్టుకునే ఇనప మాస్కుకి తగిలి దిమ్మ తిరిగింది. అప్పటి నుంచీ ఈ జబ్బు. మాస్కు ఊచల వెనక ఏం జరిగిందో ఏ కెమెరాకీ తెలియదు.

అయినా రాశాడు: "చివరి బంతి చూడలేదు."

అధికారి ఒకప్పుడు అంపైరే. చదివి కళ్లద్దాలు తీశాడు.

"సరిగ్గానే చెప్పావు కదయ్యా! ఇందులో తప్పేముంది?"

"చెప్పింది సరే సార్. చూడలేదు."

"ఎప్పుడో ఒకసారి అందరికీ అవుతుంది. ఆ లైను కొట్టేసి ఇవ్వు."

"ఒకసారి కాదేమో సార్."

అధికారి మొహం మారింది. ప్రాక్టీసు షెడ్డులోకి తీసుకెళ్లి, మాస్కు పెట్టించి, వల వెనక కూర్చోబెట్టాడు. బంతులు విసిరే యంత్రం తిప్పాడు. పది బంతులు ధన్ ధన్‌మని వచ్చి అతని మొహం ముందు వలకి కొట్టుకున్నాయి.

"రెండుసార్లు రెప్ప వేశావు, నాకు కనిపించినంతలో. రెండైతే పరవాలేదు, ఫైనల్‌కి పంపిస్తాను." అధికారి జాబితా మీద పెన్ను ఆనించాడు. "లోపల ఉన్నవాడివి నువ్వు. నువ్వే చెప్పు, ఎన్ని?"

 అవును సార్, రెండే అంటే చాలు, ఇంట్లో పండగే. కానీ ఫైనల్లో ఎవడి ఏడాది కష్టమో తన మూసిన కళ్ల ముందు నుంచి వెళ్లిపోతే?

"ఏడు సార్."

 అధికారి జాబితాలో అతని పేరు కొట్టేశాడు. అంపైరుకి ఏడుపు తన్నుకొచ్చింది. మాస్కు తీయలేదు. వల వెనక మళ్లీ సర్దుకుని కూర్చున్నాడు.

"ఇంకో పది వెయ్యండి సార్," అన్నాడు.