ఫ్లష్ ట్యాంకులో ఓక్ కాయలు

వాచీలు బాగుచేసే మామయ్యను ఇంట్లో అందరూ పథ్యం మామయ్య అనేవారు. పెళ్లి చేసుకోకుండా అక్క ఇంట్లోనే ఉండిపోయిన అతనికి ఆరోగ్యమంటే పిచ్చి. కొట్లో రేడియో పొద్దస్తమానం మోగుతుండేది. అందులో ఎవరు ఏది ఒంటికి మంచిదని చెప్పినా మర్నాటికల్లా అది ఇంట్లో దిగేది.

ఒకరోజు రేడియోలో ఒక డాక్టరమ్మ ఓక్ కాయల గురించి చెప్పింది. వాటిలో పీచు ఉందట, గుండెకు పనికొచ్చే కొవ్వు ఉందట, ఒంట్లో కణాలు పాడవకుండా చూసే పదార్థాలేవో ఉన్నాయట. ఇదంతా ఇంకా పూర్తిగా తేలలేదని కూడా ఆవిడ చెప్పింది గాని, అప్పటికే మామయ్య సంచీ పట్టుకుని వీధి చివర ఓక్ చెట్టు కిందికి చేరాడు.

టోపీ పెట్టుకున్నట్టుండే ఆ కాయల్లో ఒకటి ఒలిచి అక్కడే నమిలాడు. వగరుకు నాలుక అంగిలికి అతుక్కుపోయింది. ఇంటికొచ్చి అక్కతో ఏదో చెప్పబోతే మాటకు బదులు ఈలలాంటిది వచ్చింది.

మేనకోడలు నర్సు. ఆ వగరు టానిన్లనే పదార్థాలదని, ఒలిచిన కాయలను మళ్లీ మళ్లీ నీళ్లు మారుస్తూ నానబెడితే పోతుందని చెప్పింది. కూర్చున్నచోటు నుంచి లేవాలంటే మామయ్యకు బద్ధకం. ఇంట్లో తనంతట తనే నీళ్లు మార్చుకునే వస్తువు ఏదుందా అని ఆలోచించాడు. ఫ్లష్ ట్యాంకు తట్టింది. అందులోవీ కుళాయి నీళ్లే కదా అని సమాధానపడి, కాయలను పల్చటి గుడ్డలో మూటగట్టి, లోపల వేలాడదీసి మూత పెట్టేశాడు. ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే బావ, అంటే అక్క మొగుడు, బాత్రూంలోకి వెళ్లాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. ఎంత ఎత్తుకైనా ఎక్కుతాడు గాని జలుబు చేస్తే హడలిపోతాడు. చూస్తే కమోడ్ నిండా డికాషన్ రంగు. ఫ్లష్ నొక్కాడు. మళ్లీ అదే రంగు. ఇంకొకరైతే గొట్టాలను అనుమానించేవారు. బావ తన కిడ్నీలను అనుమానించాడు.

ఆ రోజు పనికి వెళ్లలేదు, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. కిటికీ దగ్గర కూర్చుని వీధిని ఆఖరిసారి చూస్తున్నట్టు చూశాడు. సాయంత్రం మామయ్య కొట్టు నుంచి రాగానే చేతి వాచీ విప్పి ఇచ్చాడు.

"ఇది నువ్వే ఉంచుకో. నాకింక టైముతో పనేముంది" అన్నాడు.

ఎందుకని మామయ్య అడగలేదు. వెనక మూత తీసి చూసి, నూనె వెయ్యాలి బావా అన్నాడు.

అక్క మాత్రం ఏడుపు లంకించుకుంది. డ్యూటీ నుంచి వచ్చిన కూతురు తండ్రిని నిలదీసి సంగతి రాబట్టింది. తిన్నగా లోపలికి వెళ్లి ఫ్లష్ నొక్కింది, ట్యాంకు మూత ఎత్తింది. నీళ్లు కారుతున్న మూటతో బయటికొచ్చింది.

"నాన్నా, ఇవిగో నీ కిడ్నీలు."

బావ ఆ మూటను చూసి, వాచీ కోసం చెయ్యి చాపాడు. మామయ్య మాత్రం తగ్గలేదు. అంత మంచి పదార్థాలున్న కాయల కోసం ఒక్కపూట కంగారు పడితే ఏం పోయిందన్నాడు.

"మామయ్యా, ఆ మంచి పదార్థాల్లో చాలావరకు ఈ వగరే. అదంతా కొట్టుకుపోయింది. ఇప్పుడు ఈ ఇంట్లో అందరికంటే ఆరోగ్యంగా ఉన్నది కమోడే" అంది మేనకోడలు.

మామయ్య మొహం మాడిపోయింది. అయినా పారెయ్యడానికి మనసొప్పక, కాయలను బాగా ఉడికించి, మెదిపి, పిండిలో కలిపి రొట్టె కాల్చాడు. అక్క ముక్కు మూసుకుని వరండాలో నిలబడింది. పొద్దుటినుంచి పస్తున్న బావ, ఆ కమ్మటి వాసనకు ఆగలేక ఒక ముక్క తుంచాడు. ఆ తర్వాత ఇంకెవరికీ మిగల్చలేదు.

మర్నాడు కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ మామయ్య ఓక్ కాయల మహిమ చెప్పాడు. "మా బావకు పొద్దున రెండు కిడ్నీలూ పోయాయండీ. సాయంత్రం ఈ రొట్టె తిన్నాడు, రెండూ వచ్చేశాయి."