జింకలు ఒలిచిన చెట్టు, కడియం కత్తి

నేను ఒక అంటుకత్తిని. మీ అరచేతిలో ఇమిడిపోతాను. నర్సరీల ఊరు కడియంలో ఓ కమ్మరి పాత లారీ కమాన్ కట్ట ముక్కను కాల్చి, సాగగొట్టి నాకు ఒళ్లిచ్చాడు. మొదట సూరంపూడి అప్పన్న చేతిలో మామిడి అంట్లు కట్టాను. ఆయన చూపు మందగించాక కూతురు భూలక్ష్మి చేతికి వచ్చాను. ఆమె పనిని తండ్రి ఒక్కనాడూ ఎదుట మెచ్చుకోలేదు. పొరుగు నర్సరీల వాళ్లతో మాత్రం "మా అమ్మాయి కడితే అంటు పోవడమన్నది లేదండీ" అనేవాడు. పొగడ్తను అసలు మనిషికి తప్ప అందరికీ పంచడం మనుషులకు అలవాటు.

నర్సరీ రైతుల బృందంతో భూలక్ష్మి జపాను బయలుదేరింది. విమానంలో చేతిసంచిలో నన్ను రానివ్వరట. పెట్టెలో గోంగూర పచ్చడి సీసా పక్కన ప్రయాణం చేశాను.

మూడోనాటి ఉదయం కొండ కింద ఓ పురాతన షింటో కోవెలకు వెళ్లాం. ఎర్ర ద్వారతోరణం ముందు అందరూ వంగి నమస్కరించారు. రాతితొట్టి దగ్గర చేతులు కడుక్కుంటూ భూలక్ష్మి నన్నూ కడిగింది. నేనూ యాత్రికుణ్ణే కదా! లోపల తోట చూసేసరికి ఆమెకు కాళ్లు నిలవలేదు. నాచు పరుచుకున్న రాళ్లు, కొలను మీదికి వాలిన పైన్ కొమ్మలు. దుబాసిగా వచ్చిన విద్యార్థిని హరిణిని రెక్క పట్టుకుని లాక్కెళ్లింది. "ఆ కొమ్మని ఎలా వంచారో చూడవే! ఎన్నేళ్లు పట్టుంటదో!"

తోట చివర రెండువందల ఏళ్ల ప్లమ్ చెట్టు. చలికాలంలో జింకలు దాని బెరడును చుట్టూ ఒలిచేశాయి. ముసలి తోటమాలి మొరికావా దాని ముందు మోకరిల్లి, గాయానికి అడ్డంగా పుల్లలు అంటుకట్టబోతున్నాడు. కత్తి పక్కకు జారింది. పుల్ల చీలింది. అప్పటికి అది ఐదోదట.

"పైనుంచి వేళ్లకు తిండి దిగే దారి తెగిపోయింది," అంది భూలక్ష్మి. "గాయం మీద పుల్లలతో వంతెన కట్టాలి. నేను కడతానని చెప్పమ్మా."

హరిణి చెప్పింది. మొరికావా తల అడ్డంగా ఊపాడు. దేవుడి చెట్టు, పరాయి చెయ్యి! భూలక్ష్మి వాదించలేదు. కింద పడిన చీలిక తీసుకుని, నాతో ఒకే ఒక్క కోత కోసి అతని అరచేతిలో పెట్టింది. ఏటవాలు కోత, అద్దంలా నున్నగా. ముసలాయన దాన్ని బొటనవేలితో చాలాసేపు తడిమి చూసి, లేచి పూజారి అనుమతి అడగడానికి నడిచాడు. తిరిగొచ్చి నాచులో చుట్టి దాచిన పుల్లలన్నీ ఆమె ముందు పెట్టాడు.

అమ్మయ్యో, ఆ ఉదయం! వేల అంట్లు కట్టిన నాకే ఒళ్లు జలదరించింది. గాయం పైన ఒక గాటు, కింద ఒక గాటు, మధ్య పుల్ల. అలా తొమ్మిది వంతెనలు. బస్సు దగ్గర నుంచి పిలుపులు వస్తున్నా ఆమె తల ఎత్తలేదు. ఆఖరి కట్టు బిగించి, నన్ను తుడిచి మొరికావా చేతిలో పెట్టింది.

"మీ దగ్గరే ఉండనివ్వండి. మళ్లీ పనిపడితే?"

ఇప్పుడు నేను అతని పనిపెట్టెలో ఉంటున్నాను. ఆరు వారాల తర్వాత ఓ పొద్దున అతను పూజారిని చెట్టు దగ్గరికి పిలుచుకొచ్చి, కడియానికి వీడియో కాల్ చేయించాడు. తొమ్మిదిలో ఏడు పుల్లల మీద పచ్చని మొగ్గలు. భూలక్ష్మి కేక తోటంతా వినిపించింది.

"బతికింది!"

అర్థం ఎవరూ చెప్పలేదు. అయినా మొరికావా చెట్టును రెండు చేతులా పట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ అన్నాడు.

"బ... తి... కిం... ది."