ఉమ్రావ్ బేగం మింగిన గోలీలు

ఖానాపూర్ శివార్లలో ముష్తాక్‌కు నిమ్మగడ్డి నూనె తీసే బట్టీ ఉంది. గడ్డిని పెద్ద డ్రమ్ములో కుక్కి, కింద మంట పెట్టి, ఆవిరిని చల్లార్చి, నీటి మీద తేలిన నూనెను పట్టేవాడు. బేరగాళ్లు రావడం తగ్గాక బట్టీ వెలిగిన రోజులకంటే చల్లారి ఉన్న రోజులే ఎక్కువయ్యాయి. మనిషి కూడా అలాగే తయారయ్యాడు. ఎవరైనా పలకరిస్తే కసురుకునేవాడు, పలకరించకపోతే అలిగేవాడు.

అలాంటి ఇంటికి కరీంనగర్ నుంచి మధులిక అనే పరిశోధకురాలు వచ్చి నూనె పట్టుకుపోయింది. కొన్ని నెలలకు ఫోన్ చేసి, ఆ నూనె తాగించిన ఎలుకల రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గిందని చెప్పింది. మనుషుల సంగతి ఇంకా తేలలేదని కూడా చెప్పింది. ముష్తాక్ చెవికి మొదటి మాటే ఎక్కింది. ఆయన భార్య ఉమ్రావ్ బేగం కొలెస్ట్రాల్‌కు చాలాకాలంగా మందులు వాడుతోంది; ఈమధ్యే డాక్టర్ మోతాదు పెంచాడు. ఆ సాయంత్రమే ఆమె చాయ్‌లో నూనె చుక్కలు పడ్డాయి.

"డాక్టర్ గోలీలు ఇగ బంద్ పెట్టు బేగం. మన బట్టీల తీసిన దవాయి ఉండంగ గవెందుకు?"

ఆమె సరేనంది, చాయ్ తాగింది. ఆయన అటు వెళ్లగానే బియ్యం డబ్బాలో దాచిన గోలీ తీసి మింగింది. రోజూ అదే పని. మొగుడి మనసు కష్టపెట్టడం ఎందుకులే అనుకుంది, పాపం.

మళ్లీ రక్తపరీక్ష చేయిస్తే కొలెస్ట్రాల్ బాగా దిగింది. ముష్తాక్ కాలు నేల మీద నిలవలేదు. చాయ్ హోటల్లో, మసీదు మెట్ల మీద, దొరికినవాళ్లకల్లా తన నూనె మహిమ చెప్పుకొచ్చాడు. చాలారోజుల తర్వాత గడ్డం దువ్వుకుని, బట్టీ రాజేశాడు. ఆ ముఖం చూసి ఉమ్రావ్ బేగం ఎంత మురిసిపోయిందో చెప్పలేం. నిజం చెప్పడానికి నోరెలా వస్తుంది?

పక్క గల్లీలో ఉండే మరిది ముకర్రం ఒకరోజు వంటింటి గుమ్మంలో నిలబడి నవ్వాడు. అతనికి అంతకుముందే గుండెకు స్టెంట్ వేశారు.

"భాబీ, నేను గూడ గోలీలు ఇడిసిపెట్టిన. భాయి నూనె తాగుతున్న. నీకు మంచిగ పనిచేసింది గదా!"

"జర డాక్టర్‌ను అడుగు ముకర్రం," అని మాత్రం అనగలిగింది. వాకిట్లో ముష్తాక్ ఎవరితోనో గట్టిగా నవ్వుతూ మాట్లాడుతున్నాడు. రేపు చెబుదామనుకుంది. మర్నాడు ఒక బేరగాడు వచ్చాడు, ఆ మర్నాడు చుట్టాలు వచ్చారు. ఆ వారంలోనే ముకర్రం తన దుకాణంలో కుప్పకూలాడు. నిర్మల్ ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

మూడోనాటి జియారత్ ప్రార్థనలు ముగిసి బంధువులు వెళ్లిపోయారు. భర్త పోయాక పాటించే ఇద్దత్‌లో, పరదా చాటున కూర్చున్న ముకర్రం భార్య అంబ్రీన్, తోడికోడలి ముందు ఒక సీసా పెట్టింది.

"ఆపా, ఆయన నూనె సగం మిగిలింది. మా అబ్బాజాన్‌కు పంపుత. ఆయనకు గూడ గదే బీమారి."

పరదా అవతలి నుంచి ముష్తాక్ గొంతు బొంగురుగా వినిపించింది. "పంపు బిడ్డా. ముకర్రంకు గంతే రాసిపెట్టి ఉండె. నూనెది తప్పు లేదు, మీ ఆపను సూడు."

ఉమ్రావ్ బేగం సీసా మీద చెయ్యి వేసింది.

"పంపకు. నేను ఒక్కనాడు గూడ గోలీలు ఇడువలే. దాసుకొని మింగిన. నాకు తగ్గింది గోలీలతోని, నూనెతోని కాదు."

అంబ్రీన్ సీసాను పక్కకు జరిపి ఆమె ముఖంలోకి చూసింది.

"ఆయన గోలీలు బంద్ పెట్టిండని నీకెర్కేనా, ఆపా?"

ముకర్రం ఆ మాట చెప్పినప్పుడు వంటింట్లో ఇంకెవరూ లేరు. తెలియదంటే అంబ్రీన్ నమ్మేస్తుంది, పరదా వెనక మనిషీ నమ్మేస్తాడు.

"ఎర్కే," అంది ఉమ్రావ్ బేగం.