ట్యాంకర్ దగ్గర కొత్త కోడలు

బియ్యం కడిగిన నీళ్లతో గిన్నెలు తొలిపి, గిన్నెలు తొలిపిన నీళ్లతో వరండా తుడిచి, ఆ మురికి నీళ్లను కూడా పారబోయడానికి చేతులు రాక బాత్‌రూమ్ బకెట్‌లో పోస్తుండగా ఆమెకు కిటికీలోంచి ఎదురింటి నర్సమ్మ తడి జుట్టు కనిపించింది.

చివర్ల నుంచి నీళ్లు కారుతున్న జుట్టు. నర్సమ్మ తలస్నానం చేసి, గుమ్మం మెట్టు మీద కూర్చుని, వీపు ఎండకు పెట్టి తీరిగ్గా కాఫీ తాగుతోంది. రిజర్వాయర్ అడుగంటింది, కుళాయిలు ఇక మర్చిపోండి, రోజు విడిచి రోజు వచ్చే ట్యాంకరే గతి అని మున్సిపాలిటీ వాళ్లు చెప్పి నెలలు గడిచిపోయాయి. ఇలాంటి రోజుల్లో తల మీంచి నీళ్లు పోసుకోవడమంటే మాటలా! ఆమెకు ఒక్కసారిగా తన తల దురద పెట్టింది. ఎన్నాళ్లుగానో విప్పని ముడిలోకి వేలు దూర్చి గోక్కుంటూ, ఆ జుట్టు వంక చూసి కళ్లలో నిప్పులు పోసుకుంది.

నీళ్ల కరువు మొదలైనప్పుడు ఒక్క ఎదురింటాయన తప్ప వీధిలో మగవాళ్లంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. సాయంత్రం అయ్యేసరికి కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. భూమిలో నీళ్లెందుకు ఇంకిపోతున్నాయి, వానలెందుకు మొహం చాటేశాయి, పై ప్రభుత్వాలు ఏం చేయాలి, అన్నీ తేల్చేస్తారు. వాళ్లలో ఒక్కరూ బిందె ఎత్తి ఎరగరు. ఆ సంఘానికి సెక్రటరీ ఆమె భర్త. దాంతో ఆమె పేరు వీధిలో అందరూ మర్చిపోయారు, సెక్రటరీ గారావిడ అయి కూర్చుంది. ఇంటికి ఒక్కరే లైన్లో నిలబడాలి, ఇంటికి రెండే బిందెలు, ఒలికిపోయిన బిందెకు మళ్లీ నీళ్లివ్వరు. ఈ రూల్సన్నీ ఆయన బుర్రలో పుట్టినవే. "మేనేజ్‌మెంటంటే ఇదీ" అంటాడు కాలు మీద కాలేసుకుని. ఆ రెండు బిందెల్లోంచి ఆయనకు స్నానం, అత్తగారికి స్నానం, స్కూలుకెళ్లే పిల్లకు స్నానం, వంట, తాగడానికి, కడగడానికి సర్దే పనికి మాత్రం ఏ పేరూ లేదు. చివరికి ఏమన్నా మిగిలితే ఆమెకు. మిగలదు. తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుని, పౌడరద్దుకుని తను గుమాస్తాగా పనిచేసే స్కూలు ఆఫీసుకు పరుగెడుతుంది. ట్యాంకర్ వచ్చిన రోజున ఎలాగూ ఆలస్యమే. "ఏమ్మా, మీ వీధికి నీళ్లొస్తే మా ఆఫీసుకు కరువొస్తోందే!" అంటాడు హెడ్ క్లర్కు. అందరూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది, ఏం చేస్తుంది మరి.

ఎదురింట్లో సంగతి వేరు. నర్సమ్మ మొగుడు టైలరు, ఇంట్లోనే మిషను. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చిన పెళ్లాం పడుకుంటే, ట్యాంకర్ హారన్ వినపడగానే మిషను ఆపి బిందెలు పట్టుకుని అతనే వస్తాడు. అంతమంది ఆడవాళ్ల మధ్య తల దించుకుని నిలబడతాడు. భుజం మీద తువ్వాలు మడతేసి, దాని మీద బిందె పెట్టుకుని, చుక్క తొణక్కుండా నడుస్తాడు. వాళ్లిద్దరే మనుషులు, ఆ రెండు బిందెలూ వాళ్లకు చాలు. నర్సమ్మ ఒంటి నిండా నగలు దిగేసుకున్నా సెక్రటరీ గారావిడ పట్టించుకునేది కాదు. కానీ ఒకరోజు అతను బిందె దించుతూ, "నువ్వు లేవకు, రాత్రంతా నిలబడే ఉన్నావుగా" అనడం కిటికీలోంచి వినపడింది. ఆ ఒక్క మాట ఆమె గుండెలో ముల్లులా దిగింది. పప్పు రుబ్బుతున్నా అదే, ఫైలు సర్దుతున్నా అదే. ఈవిడేం పుణ్యం చేసుకుంది, నేనేం పాపం చేశాను? నేను నిలబడలేదా? నా కాళ్లు కాళ్లు కావా?

తడి జుట్టు చూసిన ఆ పొద్దునే ట్యాంకర్ వచ్చింది. ఆమె లైన్లో నిలబడింది. వెనక నుంచి టైలరు వస్తున్నాడు. కడుపులో మంట నోట్లోకి వచ్చేసింది. "తప్పుకోండమ్మా, దారివ్వండి! కొత్త కోడలొస్తోంది!" అంది గట్టిగా.

లైను లైనంతా గొల్లుమంది. టైలరు కూడా నవ్వాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఇంటికొచ్చి ఆ ముచ్చట చెబితే భర్త పొలమారేలా నవ్వాడు. పెళ్లయ్యాక ఆమె మాటకు ఆయన అంతలా నవ్వడం అదే మొదలు. సిగ్గులేకుండా మురిసిపోయింది. సాయంత్రం కుర్చీల దగ్గర నుంచి ఆయన గొంతు వినిపించింది: "ఆ పేరు నేనే పెట్టానండీ! వాడి నడక చూశారా, అచ్చం కొత్త కోడలే!" ఆమె చేతిలో గరిటె అలాగే ఆగింది. ఇంట్లో ఆమెదంటూ ఏదీ లేదని తెలుసు గానీ, ఒక కుళ్లు జోకు కూడా దక్కదని అనుకోలేదు.

పేరు వీధంతా పాకింది. పిల్లలు సైతం టైలరు గుమ్మం ముందు అరిచి పారిపోయేవారు. రెండు ట్యాంకర్లు తిరిగేసరికి లైన్లోకి నర్సమ్మ వచ్చింది. ఇంకా డ్యూటీ బట్టలు మార్చలేదు. జుట్టు నూనె జిడ్డుతో, సెక్రటరీ గారావిడ జుట్టులాగే ముడి. కళ్లు మూతలు పడుతుంటే బిందెకు ఆనుకుని నిలబడింది. చూసి ఈమెకు ముందు సంతోషమే వేసింది. ఇప్పుడు తెలుస్తుందిలే అనుకుంది. చూసిన కొద్దీ ఆ సంతోషం రుచి పోయింది. ఎదుటి మనిషి జుట్టు ఎండిపోతే తన జుట్టేమీ తడవలేదు.

ఆమెకు ముందే నర్సమ్మ వంతు. ఒక బిందె నెత్తిన, ఒకటి చంకన పెట్టుకుని నాలుగడుగులు వేసిందో లేదో కాలు మడతపడింది. రెండు బిందెలూ దొర్లిపోయాయి. లైన్లో అందరూ ముందు నీళ్ల వంక చూశారు. "అయ్యో, నీళ్లు!" అన్నారు. పడ్డ మనిషి వంక తర్వాత చూశారు.

"మళ్లీ పట్టకూడదమ్మా, సెక్రటరీ గారి రూలు" అన్నాడు పైపు పట్టుకున్న మనిషి.

ఆమె వెళ్లి నర్సమ్మను లేపింది. మోచెయ్యి గీరుకుపోయింది. నర్సమ్మ ఏడవలేదు, నిద్రమొహంతో నేల మీది తడి చూస్తూ అంది. "మా ఆయన్ని ఎవరో కొత్త కోడలన్నారంట అక్కా. పైకి నవ్వాడు గానీ, ఇప్పుడు గుమ్మం దాటట్లేదు. పోయి తీసుకురా అంటే మాట్లాడడు." మళ్లీ తనే అడిగింది. "అవునూ, కోడలంటే అంత పెద్ద తిట్టా అక్కా?"

సెక్రటరీ గారావిడ ఆ మోచేతి మీది మట్టి దులిపింది. తను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో అత్తగారు బావి దగ్గర నిలబెట్టి చెప్పిన మాటలు చెవిలో మోగాయి. "తల దించుకుని నడువు. తొణకనివ్వకు. నలుగురూ చూస్తారు." తన ఒంటి మీద పడ్డ కష్టాన్నంతా మూటగట్టి, ఒక మగవాణ్ణి తిట్టడానికి వాడుకుంది. ఇంట్లో మనిషి మీద పగ తీర్చుకోవడం చేతకాక, ఎదురింటి మంచిని పట్టుకుని కొరికింది.

తన వంతు రాగానే రెండు బిందెలూ నింపుకుని తిన్నగా ఎదురింటికి నడిచింది. "అక్కా, మీ ఇంటికో?" అని నర్సమ్మ వెనకే కుంటుకుంటూ వచ్చింది. టైలరు మిషను ముందు దారం లేని సూదిలోకి చూస్తూ కూర్చున్నాడు. వీళ్లిద్దర్నీ చూసి దిగ్గున లేచి, ఆమె నెత్తి మీది బిందె అందుకున్నాడు.

"మీరు మోయడమేంటండీ, పిలిస్తే నేను వచ్చేవాణ్ణిగా!"

అప్పుడు కూడా, అంత తప్పు చేసి నిలబడి కూడా, ఆమెకు మళ్లీ అసూయే కలిగింది. తన నెత్తి మీంచి బరువు దించడానికి ఒక మనిషి లేచి రావడం ఎలా ఉంటుందో ఆమెకు ఇప్పుడే తెలిసింది. తెలిశాక ఊరుకోవడం కష్టం.

"పేరు పెట్టింది నేనే తమ్ముడూ" అంది అతనితో. "కుళ్లుకుని అన్నాను. నువ్వు రాకపోతే ఆ పేరే గెలుస్తుంది. ఎల్లుండి ట్యాంకర్‌కి రా." జవాబు కోసం ఆగలేదు. నీళ్లు వాళ్ల బిందెల్లో వంపేసి, ఖాళీ బిందెలు పట్టుకుని రోడ్డు దాటింది.

భర్త భుజాన తువ్వాలేసుకుని స్నానానికి సిద్ధంగా కూర్చుని ఉన్నాడు. "నీళ్లు తోడావా?"

"లేవు."

"అదేంటి! ట్యాంకర్ వచ్చింది కదా?"

"వచ్చింది. మన వాటా ఎదురింట్లో ఇచ్చాను. పక్క వీధిలో ట్యాంకర్ ఇంకా ఉంది, లైను పెద్దదిట. ఇంటికి ఒక్కరే అని కదా మీ రూలు, ఇవాళ ఆ ఒక్కరు మీరు." ఖాళీ బిందెలు రెండూ ఆయన కాళ్ల దగ్గర పెట్టింది. జుట్టు ముడి విప్పి, తలుపు దగ్గర నిలబడింది. "నేను తలస్నానం చేయాలి."

ఆయన నోరు తెరిచి, అమ్మ వంక చూశాడు. అత్తగారు గుండెలు బాదుకుంటూ వచ్చింది. "మగవాడు బిందెలు మోసుకుంటూ వీధిలోంచి వస్తే పరువేం కాను? నా కొడుకుని కూడా కొత్త కోడలంటారే!"

"అంటారు అత్తయ్యా, అననివ్వండి" అంది ఆమె. "తల దించుకుని తొణక్కుండా ఎలా నడవాలో మీరు నాకు నేర్పారు కదా, ఆయనకు నేను నేర్పుతాను."