కళ్ళారా చూసేదాకా

శనివారం పొద్దున పదింటికల్లా లవాన్ కుచెరా తన ట్రక్కులో సామాను సర్దేది. ముందు రెండు దిండ్లు, తర్వాత ఉన్ని దుప్పటి, కాఫీ ఫ్లాస్కు, నొప్పి మాత్రల డబ్బా, ఆక్సిజన్ సిలిండరు, అన్నిటికంటే ఆఖర్న మొగుడు హార్లన్. ఈ వరస ఎప్పుడూ తప్పేది కాదు. హార్లన్‌ని ముందే ఎక్కిస్తే మిగతావి సర్దేలోపు ఆట గురించి మొదలుపెడతాడని ఆవిడ భయం.

"ఈ వారం మన కుర్రాళ్ళు గట్టిగా ఉన్నారే లవాన్," అనేవాడు ఎక్కగానే.

"గట్టిగానే ఉన్నారు. పోయిన వారం యాభై రెండుకి సున్నాతో ఓడింది కూడా వాళ్ళే."

"అది గాలి వల్ల."

నెబ్రాస్కా పడమటి కొసన మా కాల్డర్ ఊళ్ళో గాలి రోజూ ఉంటుంది. అవతలి జట్టు ఆడేదీ ఆ గాలిలోనే. ఈ సంగతి హార్లన్‌కి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే మనిషి కాదు.

మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు పేరు మిడతలు. ఎప్పుడో మిడతల దండు వచ్చి చుట్టుపక్కల పంటంతా తినేసిన ఏడాది కాలేజీకి పునాది వేశారట. ఆ ఏడు కడుపు నిండింది వాటికే కాబట్టి వాటి పేరే పెట్టుకున్నారు. ఆ మిడతల్లో ఉన్న కసి ఈ మిడతలకి రాలేదు. నలభై ఆరేళ్ళుగా ఒక్క ఆట గెలవలేదు. పదకొండు మంది కోచ్‌లు మారారు. అందులో ఒకాయన ఇప్పుడు పక్క ఊళ్ళో పందులు పెంచుతున్నాడు. అవి చెప్పిన మాట వింటాయని చాలా సంతోషంగా ఉన్నాడు.

అయినా మా మైదానం ఏ శనివారమూ ఖాళీగా ఉండదు. ఒకసారి ఒమాహా నుంచి పేపరు మనిషి వచ్చి, ఇంతగా ఓడే జట్టు కోసం ఇంతమంది ఎందుకొస్తారని అడిగాడు. చివరికి తనే "అభిమానం" అని రాసుకుని వెళ్ళాడు. మేం కాదనలేదు. అంత దూరం నుంచి వచ్చినవాణ్ణి నొప్పించడం ఎందుకు?

అసలు సంగతి ఏమిటంటే, మా ఊళ్ళో ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు ఒక మాట అంటారు. "మిడతలు గెలవడం కళ్ళారా చూసేదాకా చావను." అన్నవాళ్ళు చావరు. నొప్పులొస్తాయి, పళ్ళు ఊడతాయి, మోకాళ్ళు అరుగుతాయి, చావు మాత్రం రాదు. షరతు ఒక్కటే, సొంత మైదానంలో ఆట ఏదీ మానకూడదు. వాల్టర్ ఫైఫర్ కూతురి దగ్గర ఉందామని అరిజోనా వెళ్ళి రెండు శనివారాలు మానేశాడు. మూడో శనివారానికి పెట్టెలో తిరిగొచ్చాడు. "అక్కడి ఎండ పడలేదు," అంది కూతురు. "పడి ఉండదు," అన్నాం మేం.

నేనూ ఆ మాట అన్నాను. లవాన్ కూడా అంది. కొత్త పెళ్ళికూతురుగా వచ్చినప్పుడు, అత్తగారు చూస్తోంది కదా అని, నోటినిండా దాల్చినచెక్క రొట్టె పెట్టుకుని అంది. చర్చిలో చేసిన ప్రమాణాలకంటే ముందు ఆ మాటే మర్చిపోయింది.

మైదానం నడిమి గీతకి ఎదురుగా ఉండే మంచి సీట్లన్నీ పాతవాళ్ళవి. అందరికంటే పెద్దది మిల్డ్రెడ్ స్టోల్ట్, నూట తొమ్మిదేళ్ళు. మా ఊళ్ళో ఆ సీట్లు తల్లిదండ్రుల తర్వాత పిల్లలకి రావాలి. తల్లిదండ్రులు పోతేగా! మిల్డ్రెడ్ కొడుకు నార్బర్ట్ ఎనభై ఐదేళ్ళు నిండినా ఇంకా మూలన, మరుగుదొడ్ల పక్కన కూర్చుని ఆట చూసేవాడు. ఎవరైనా అడిగితే, "అమ్మకి నూరేళ్ళు నిండాలిగా," అనేవాడు. నిండి తొమ్మిదేళ్ళయిందని మేం గుర్తు చేసేవాళ్ళం కాదు. వేళ్ళు ముడిచి లెక్కపెట్టడం ఆయనకీ వచ్చు.

హార్లన్‌కి పదకొండేళ్ళ కిందట కడుపులో కేన్సరని తేలింది. డాక్టరు మూడు నెలలన్నాడు. ఆ డాక్టరే పోయి ఆరేళ్ళయింది. ఆయన పక్క ఊరివాడు, ఏ మాటా అనలేదు. హార్లన్ జబ్బూ పోలేదు, హార్లనూ పోలేదు. ఇద్దరూ ఒకే మంచం మీద కాపురం పెట్టారు. లవాన్ పక్క గదిలోకి మారింది. తెల్లారేసరికి హార్లన్ పెట్టే కేకలకి పక్కింటి కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి. నోట్లో తోలు చేతితొడుగు పెట్టుకుని కొరికేవాడు. ఏటా క్రిస్మస్‌కి లవాన్ ఆయనకి కొత్త తొడుగుల జత కొనేది. పాతవాటికి వేళ్ళు మిగిలేవి కావు.

"ఒక్క శనివారం ఇంట్లో ఉంచెయ్యకూడదటమ్మా?" అన్నాడు పాస్టరు గారు, నేల చూపులు చూస్తూ.

ఆవిడ అదీ చేసి చూసింది. ట్రక్కు తాళాలు పిండి డబ్బాలో దాచింది. హార్లన్ సిలిండరు ఈడ్చుకుంటూ, కోసిన జొన్న మోళ్ళ మీద రెండు మైళ్ళు మోకాళ్ళతో పాకి వచ్చాడు. మైదానం గేటు దగ్గర మొదటి మాటగా, "ఎంతకెంత?" అన్నాడు. ముప్ఫై ఒకటికి సున్నా.

"చావంటే అంత భయమేమయ్యా?" అని అడిగింది లవాన్, మోకాళ్ళలోంచి మోళ్ళు పీకుతూ.

"భయమేమిటే? ఇవాళ రమ్మన్నా వెళతాను. కానీ గెలుపు చూడకుండా వెళితే, ఇన్ని శనివారాలూ దేనికోసం కూర్చున్నట్టు?"

ఆవిడ చివరి మోడు పీకి, ఆయన్ని లేపి సీటుకి నడిపించింది.

అలాగని హార్లన్ ఆటంతా చూస్తాడనుకునేరు. బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తే ఆటకి కాలి పేరు ఎందుకు పెట్టారో తెలీదు గానీ, అందులో నిజంగా కాలితో పనున్నది ఒక్కరికే. బంతిని రెండు పసుపు స్తంభాల మధ్యనుంచి పైకి తన్నే మనిషికి. అలా పోతే మూడు పాయింట్లు. ఆ తన్నే వేళ వస్తే హార్లన్ టోపీని ముక్కుదాకా లాక్కునేవాడు. "నేను చూస్తే తప్పుతుంది," అనేవాడు. నలభై ఆరేళ్ళు ఆయన చూడకపోయినా తప్పింది.

లవాన్ అదృష్టవంతురాలని మా ఊళ్ళో పేరు. నాలుగేళ్ళ కిందట ఆట రోజున మాత్రల కోసం వెళ్ళొస్తుంటే, ట్రక్కు రోడ్డు జారి చెరువు మీది మంచు పగలగొట్టుకుని మునిగింది. గొలుసులు వేసి లాగడానికి ఇరవై నిమిషాలు పట్టింది. తలుపు తియ్యగానే దిగి, జుట్టు పిండుకుని, "హార్లన్‌ని ఎవరు తీసుకెళ్ళారు?" అని అడిగింది. సగం ఆట అయ్యేసరికి తన సీట్లో ఉంది. బూట్లలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఎంత అదృష్టమో అన్నాం. ఆవిడా అదే అనుకుంది.

పోయినేడు జట్టులోకి యారెలి ఓర్టెగా వచ్చింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. తండ్రి తూర్పున మాంసం ఫ్యాక్టరీలో ఎముకలు కోస్తాడు. ఆ పిల్ల కాలు మా వాళ్ళ కాళ్ళలాంటిది కాదు. మొదటి రోజు సాధనలోనే నీళ్ళ ట్యాంకు మీది ఊరి పేరులో ఏ అక్షరం చెబితే ఆ అక్షరానికి బంతి తగిలించింది. కోచ్ ఏడ్చాడు. పాతవాళ్ళ సీట్లలో చాలామంది వీలునామాలు బయటికి తీశారు.

అక్టోబరు గడిచేసరికి మిడతలు మూడే మూడు పాయింట్ల తేడాతో ఓడారు. ఊరు వణికింది. ఆఖరి ఆటకి రెండు రోజుల ముందు మిల్డ్రెడ్ చక్రాల కుర్చీ తోయించుకుని సాధన మైదానానికి వెళ్ళింది, ఒళ్ళో రేగుపండ్ల జామ్ సీసాతో.

"అమ్మాయ్, వచ్చే జూన్‌లో మా మునిమనవరాలి పెళ్ళి," అంది. "నీ బంతి కాస్త ఎడమకి పోతే ఆ పెళ్ళి చూస్తాను. నడిమినుంచి పోతే చూడను."

"అంటే కావాలని తప్పమంటావా, అవ్వా?"

"కావాలని అని నేనన్నానా? గాలి ఉందిగా."

అప్పుడే లవాన్ వచ్చింది, చేతిలో ఆపిల్ పిండివంట పళ్ళెంతో. వాళ్ళిద్దరూ ఒకరి చేతిలోవి ఒకరు చూసుకున్నారు.

"మొగుణ్ణి చంపడానికి వంట చేసుకొచ్చావటే?" అంది మిల్డ్రెడ్.

"అవును," అంది లవాన్. "నీకు ఎప్పుడూ ఏదో ఒక పెళ్ళి ఉంటుంది మిల్డ్రెడ్ అత్తా. పోయినేడు బాప్తిస్మం అన్నావు. అంతకుముందేడు కుక్క ఈనుతుందన్నావు. నాకు ఒక్క పనే ఉంది. పదకొండేళ్ళుగా ఆ మనిషి తోలు కొరుకుతున్నాడు, నేను వింటున్నాను. చూడమ్మా యారెలి, నడిమినుంచి తన్ను. ఆయన గెలుపు చూసి వెళ్ళిపోతాడు. నేను ఒక రోజంతా పడుకుంటాను."

"నీకు జాలా, విసుగా?" అని అడిగింది మిల్డ్రెడ్.

"ఏదైతే నీకెందుకు?"

యారెలి బంతిని నేలమీద నిలబెట్టింది. "నాకేం కావాలో ఎవరూ అడగరేం?"

నిజంగానే ఎవరికీ తోచలేదు.

"ఆ ఆట చూడ్డానికి పెద్ద కాలేజీ వాళ్ళు వస్తున్నారు," అంది యారెలి. "నేను బాగా తన్నితే తీసుకెళతారు. మా నాన్న చేతికి ఇప్పటికి రెండు వేళ్ళు పోయాయి. అందుకని తన్నుతాను. మీ చావులు మీరు చూసుకోండి."

మిల్డ్రెడ్ జామ్ సీసా వెనక్కి పట్టుకెళ్ళింది.

ఆ శనివారం మధ్యాహ్నం మూడు సెకన్లు మిగిలేసరికి మేం రెండు పాయింట్లు వెనక. స్తంభాలు నలభై ఒక్క గజాల దూరం. గాలి మాకు కలిసొచ్చేలా వీస్తోంది, నలభై ఆరేళ్ళలో మొదటిసారి. యారెలి మూడడుగులు వెనక్కి వేసింది. హార్లన్ గుండె కొట్టుకోవడం లవాన్‌కి దుప్పటిలోంచి వినిపిస్తోంది. పాతవాళ్ళ సీట్లలో మిల్డ్రెడ్, ఇంకా పద్దెనిమిది మంది, ముందే అనుకున్నట్టు గట్టిగా కళ్ళు మూసుకున్నారు. చూడకపోతే మాట తీరినట్టు కాదుగా.

బంతికి కాలు తగిలిన చప్పుడు వినిపించింది. పంతొమ్మిది మందీ కళ్ళు తెరిచారు. నలభై ఆరేళ్ళు కూర్చున్నవాళ్ళు, ఆ చప్పుడు విని కళ్ళు మూసుకుని ఎలా ఉంటారు?

బంతి సరిగ్గా నడిమినుంచి పోయింది.

పంతొమ్మిది మందీ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, సగం మంది ఊతకర్రలు లేకుండానే. తర్వాత కూర్చున్నారు. ఆ తర్వాత లేవలేదు. "ఎంత బాగా తన్నిందే దొంగపిల్ల," అంది మిల్డ్రెడ్. అదే ఆవిడ ఆఖరి మాట.

లవాన్ ఏడుస్తూ నవ్వుతూ మొగుడి వైపు తిరిగింది. హార్లన్ టోపీ ముక్కుదాకా ఉంది. ఆవిడ దాన్ని పైకెత్తింది.

"అయిపోయింది హార్లన్. గెలిచాం. ఇక హాయిగా వెళ్ళు."

"గెలిచామా?" అన్నాడు హార్లన్, వెలుగుకి కళ్ళు చికిలిస్తూ. "నేను చూళ్ళేదే?"

ఆవిడ స్కోరు పలక చూపించింది. చూశాడు. తల అడ్డంగా ఊపాడు. అంకెలు చూడ్డం వేరు.

లవాన్ జీవితంలో ఎవరి వైపూ అలా చూసి ఉండదు. "ఆ టోపీ..." అని మొదలుపెట్టింది. ఇంతలో ఆవిడ బూట్లలో నీళ్ళు ఊరాయి. ముందు పాదాలు తడిశాయి, తర్వాత నీళ్ళు పొంగి మెట్లమీదికి కారాయి, చెరువు నాచుతో, చిన్న మంచుముక్కలతో. ఆవిడ కిందికి చూసుకుంది. నాలుగేళ్ళ కిందటి చెరువుని గుర్తుపట్టినట్టే ఉంది, నోట్లో రొట్టెతో అన్న ఆ మాటని కూడా. హార్లన్ పక్కన కూర్చుని, దుప్పటి సగం తన మీదికి లాక్కుని, పోయింది.

ఆ వారం చర్చిలో ఇరవై అంత్యక్రియలు. ఆ భోజనాలకి ఊళ్ళో బంగాళాదుంపలు అయిపోయాయి. నార్బర్ట్‌కి తల్లి సీటు వచ్చింది. అక్కడ గాలి ఎక్కువగా కొడుతోందని ఇప్పటికీ సణుగుతాడు. యారెలిని పెద్ద కాలేజీ వాళ్ళు తీసుకెళ్ళారు. బస్సు దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. కోచ్ మాత్రం వెళ్ళాడట, దూరంగా నిలబడ్డాడట. నేనైతే వారం రోజులు నాడి పట్టుకుని చూసుకున్నాను.

హార్లన్‌కి ఇప్పుడు సామాను సర్దేవాళ్ళు లేరు. ఈ సెప్టెంబరు నుంచి గడ్డి కోసే బండి మీద తనే వస్తున్నాడు. రెండు మైళ్ళకి పొద్దున్నే బయల్దేరతాడు. తొడుగు నోట్లోనే ఉంటుంది.

"ఇక ఇంట్లో ఉండిపోరాదా?" అన్నాడు పాస్టరు గారు, ఈసారి సూటిగా చూస్తూనే.

"ఊరంతా చూశారు," అన్నాడు హార్లన్, తొడుగు తీసి. "నేనొక్కణ్ణే చూళ్ళేదు. ఇది న్యాయమేనా?"

మిగతావాళ్ళం అందరం ఆ మాట మళ్ళీ కొత్తగా అనుకున్నాం. జట్టు మళ్ళీ యథాప్రకారం ఓడుతోంది.

పోయిన శనివారం మాత్రం ఆఖర్న మేం ఒక్క పాయింటే వెనక. ఇరవై రెండు గజాలు. కొత్త కుర్రాడు, కాలు పర్వాలేదు. లవాన్ సీట్లో హార్లన్ దిండు పెట్టాడు. ఇటుపక్క నార్బర్ట్ మోచేత్తో పొడిచాడు.

"ఈసారైనా కళ్ళు తెరిచి చూడవయ్యా. చచ్చి నీ కడుపున పుడతాను."

"చూస్తాలే."

"ఒట్టు?"

"ఒట్టు. ఆవిడ మీద ఒట్టు."

బంతి నిలబెట్టారు. కుర్రాడు మూడడుగులు వెనక్కి వేశాడు. హార్లన్ చెయ్యి టోపీ మీదికి వెళ్ళింది.